నల్లమాడలో మీటింగు

బెంగళూరు నుంచి నల్లమాడకి దగ్గర దారి కొడికొండ చెక్‌పోస్టు దాటాక హైవే వదిలి గోరంట్ల వైపు తిరిగేది. మా డ్రైవరు ఇండికేటరు కూడా వేశాడు. నేనే వద్దని పెనుకొండ మీదుగా పోనిమ్మన్నాను. ఆలస్యమైనా ఫరవాలేదు, ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీని వ్యాన్‌లో ఉన్నవాళ్ళు రోడ్డు మీంచైనా ఒకసారి చూడాలని నా పట్టుదల.

వ్యాన్‌లో ఉన్నది ఒక యాప్ టీము. ఆండ్రాయిడ్ రాసే కుర్రాళ్ళిద్దరు, సర్వరు చూసుకునే ఆయన, డిజైనరమ్మాయి, టెస్టరు, వీళ్ళందరి పైన ప్రోడక్ట్ మేనేజరు. ఇలాంటి టీములు తగువులు లేకుండా, పనులు ఆగిపోకుండా నడిచేలా చూడటం నా ఉద్యోగం. ఇది ఏం ఉద్యోగమో మా అమ్మకి నేనింకా సరిగ్గా చెప్పలేకపోయాను. వీళ్ళు చేస్తున్నది రైతు సంఘాలు శెనక్కాయలు కొన్నప్పుడు తూకం, చెల్లింపు రాసుకునే యాప్. దాంట్లో ఒక జబ్బు ఉంది. రాసిన ఎంట్రీలు కొన్ని మాయమైపోతున్నాయి. మేం పంపామని ఆండ్రాయిడ్ వాళ్ళు, మాకు రాలేదని సర్వరాయన. ఆ ఫిర్యాదు మూసెయ్యడం, మళ్ళీ తెరవడం వారాల తరబడి జరుగుతోంది. రోజూ పొద్దున పావుగంట నిలబడి మాట్లాడుకునే మీటింగు ముప్పావుగంటకి పెరిగింది. అందరూ మర్యాదస్తులే, ఒక్కళ్ళూ గొంతు పెంచరు. అదే నాకు భయం వేసింది. మాయమవుతున్న ఎంట్రీల్లో ఎక్కువ భాగం నల్లమాడ మండలం నుంచి వస్తున్నాయని టెస్టరు లెక్క తీసి చూపించాక, బోర్డు ముందు కూర్చునేది చాలు, పోదాం పదండన్నాను.

ఎర్రమంచి దగ్గర కార్లు మోసుకెళ్ళే పొడుగాటి లారీలు హైవే పక్కన వరసగా ఆగి ఉన్నాయి. ఒకప్పుడు కంపచెట్లు, శెనక్కాయ చేలు తప్ప ఇంకేం లేని నేల ఇది. 2019 ఆగస్టు 8న ఇక్కడ మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ఫ్యాక్టరీ. సర్వరాయన కిటికీలోంచి చూస్తూ, మన పని కూడా ఇలా లైను మీద ఒకరి తర్వాత ఒకరికి అందుతూ సాగిపోతే ఎంత బాగుండు అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో అందరికీ ఉండే కలే ఇది. నాకు నమ్మకం లేదు. లైను మీద రేపు ఏ కారు వస్తుందో ఇవాళే తెలుసు. యాప్ అలా కాదు. వాడేవాళ్ళ చేతిలో పడేదాకా మనం ఏం చేస్తున్నామో మనకే సగం తెలుస్తుంది. కార్ల ఫ్యాక్టరీల నుంచి నేర్చుకోవలసింది లైను గురించి కాదు, ఇంకొకటి ఉంది. టొయోటాలో తైచి ఒనో అనే ఇంజనీరు ఉండేవాడు. కొత్త ఇంజనీరు వస్తే ఫ్యాక్టరీ నేల మీద సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసి, అందులో నిలబడి చూడమనేవాడట. గంటలు గడిచాక వచ్చి ఏం చూశావని అడగడం, సమాధానం నచ్చకపోతే ఇంకాసేపు నిలబెట్టడం. ఫ్యాక్టరీ దాటించే లోపు ఈ కథ చెప్పేశాను. ఎవరూ మాట్లాడలేదు. నేను సుద్దముక్క తెచ్చానేమోనని అనుమానపడినట్టున్నారు.

పెనుకొండ కొండ దగ్గర ఆగలేదు. 1565 యుద్ధం తర్వాత విజయనగరం వాళ్ళు రాజధాని మార్చుకున్న కోట అని మేనేజరు గూగుల్‌లో చదివి వినిపించాడు. తిరుగు ప్రయాణంలో ఎక్కుదామనుకున్నాం, ఎక్కలేదు. హైవే వదిలాక కొత్తచెరువు, బుక్కపట్నం. బుక్కరాయల పేరు మీద ఉన్న ఊరికి ఆయన కాలం నాటిదని చెప్పుకునే చెరువు. కట్ట మీద వ్యాన్ ఆపితే అవతలి ఒడ్డు మసగ్గా కనిపించింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వాన పడే సీమలో అంత నీరు ఒక్కచోట చూస్తే ఎవరికైనా కాసేపు నిలబడాలనిపిస్తుంది.

చెరువు దాటాక డిజైనరమ్మాయి ఫోను తీసి యాప్ స్క్రీన్లు చూపించింది. ఖరీదైన ఐఫోను. లేత బూడిదరంగు అక్షరాలు, సన్నగా, చూడముచ్చటగా ఉన్నాయి. 2018 ఫిబ్రవరిలో ఇలాంటి ఫోన్లనే ఒక తెలుగు అక్షరం పడుకోబెట్టిన సంగతి ఆండ్రాయిడ్ కుర్రాడు గుర్తు చేశాడు. ‘జ్ఞా’ని ఒక ప్రత్యేకమైన తీరులో, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం చేర్చి పంపితే మెసేజి తెరిచిన యాప్ కుప్పకూలిపోయేది. ఆపిల్ అదే నెల 19న 11.2.6 వెర్షను విడుదల చేసి సర్దుకుంది. తెలుగు యూనికోడ్‌లోకి వచ్చింది 1991లో. పాతికేళ్ళు దాటాక కూడా ప్రపంచంలో అంత పెద్ద కంపెనీ పరీక్షల్లోంచి ఆ గుణింతం జారిపోయింది. డిజైనరమ్మాయి నవ్వి, ఇక్కడ ఎవరి దగ్గరా ఐఫోను ఉండదుగా అంది. ఉండదు. మరి మనం దేంట్లో చూసి ఓకే అంటున్నామని టెస్టరు అడిగితే జవాబు రాలేదు.

నల్లమాడ చేరేసరికి ఎండ ముదిరింది. శెనక్కాయ పీకే రోజులు. రోడ్డు పొడుగునా కట్టె ఆరేసి ఉంది. ఒక ఇంటి ముందు నీడలో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని కాయలు తెంపుతున్నారు. సంఘం లెక్కలు రాసే యానిమేటరక్క ఇల్లు అదే. ఆమెకి యాభై దాటి ఉంటాయి. ఇంటి అరుగు మీద కాటా, పక్కన గోనెసంచులు, గోడకి ఆనించి మూల మడతపడ్డ పొడుగు నోట్‌బుక్కు.

నేను టీముకి ఒకే షరతు పెట్టాను. మొదటి గంట ఎవరూ మాట్లాడకూడదు, ఆమె ఫోను ముట్టుకోకూడదు. మేం అరుగు చుట్టూ నిలబడ్డాం. “కూసోండి సార్, మీరట్ల నిలబడితే నాకు చెయ్యి ఆడదు” అందామె. కూర్చున్నాం.

ఒక రైతు రెండు సంచులు దించాడు. ఆమె తూకం చూసి ముందు నోట్‌బుక్కులో రాసింది. తర్వాత బొటనవేలు కొంగుకి తుడుచుకుని ఫోను తెరిచింది. ఎండలో స్క్రీను కనబడక, కొంగు ఫోను మీదికి ముసుగులా లాక్కుని లోపలికి తొంగి చూసింది. డిజైనరమ్మాయి ముఖం ఆ క్షణంలో చూడవలసింది. ఆమె గర్వంగా ఎంచుకున్న లేత బూడిదరంగు ఆ ముసుగులోనే కనిపిస్తోంది. రైతు పేరు, ఊరు, సంచులు, కిలోలు అన్నీ నింపాక అక్క ఫోనుని అడ్డంగా తిప్పింది. ఏదో నొక్కి మళ్ళీ నిలువుగా పెట్టుకుంది. ప్రతి ఎంట్రీకీ అదే తంతు. ఎందుకో మాకు కాసేపు అర్థం కాలేదు. చత్వారం వల్ల ఆమె ఫోనులో అక్షరాల సైజు పెద్దది పెట్టుకుంది. సైజు పెరిగేసరికి ‘సేవ్’ బటను స్క్రీను కిందికి జారి మాయమైంది. అడ్డంగా తిప్పితే ఒక మూల కనిపిస్తుంది. ఎవరూ చెప్పకుండానే ఆమె ఆ కిటుకు కనిపెట్టుకుంది. ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు, ఫోన్లంటే ఇంతే కాబోలు అనుకుంది. డిజైనరమ్మాయి చెయ్యి అప్రయత్నంగా ఆ ఫోను వైపు పోయింది. నేను చూశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

రైతు పేరు దగ్గర ఇంకో విడ్డూరం. అక్క పేరు రాసి, పక్కన ‘త 2’ అని చేర్చింది. మేనేజరు ఉలిక్కిపడ్డాడు. పేర్ల పక్కన ఈ చెత్త ఎక్కణ్ణుంచి వస్తోందని ఆయన నెలరోజులుగా చిరాకుపడుతున్నాడు. వాటిని రాత్రిపూట శుభ్రం చెయ్యడానికి సర్వరాయన ఒక చిన్న ప్రోగ్రాం కూడా రాసిపెట్టాడు. గంట పూర్తయ్యాక ఆమెనే అడిగారు. తడి, మట్టి చూసి తూకంలో తీసేసే తరుగు అది. సంచికి రెండు కిలోలు. కొనుగోలు దగ్గర రైతుకీ సంఘానికీ మధ్య జరిగే అసలు బేరమంతా ఆ తరుగు మీదే. యాప్‌లో దానికి చోటే లేదు. చోటు లేదు కాబట్టి ఆమె పేరు పక్కన రాస్తోంది. రాత్రికి మనవాళ్ళ ప్రోగ్రాం దాన్ని చెరిపేస్తోంది. సర్వరాయన చాలాసేపు నేల చూపులు చూశాడు.

ఇక మాయమయ్యే ఎంట్రీల సంగతి. మేనేజరు మొహమాటపడుతూ అడిగాడు. ఆమె తేలిగ్గా తీసిపారేసింది. “మాయమైతే ఏమి సార్, బుక్కులో ఉండాది కదా. ఆదివారం కూసొని మళ్ళీ ఎక్కిస్తా.” ఎట్లా మాయమవుతున్నాయక్కా అంటే, “నేనే తీసేస్తాండా” అంది. ఫోనులో జాగా లేదంటుందట. ఏది ఎక్కువ తింటోందో ఆమె అక్క కొడుకు చూసి చెప్పాడు. మన యాపే. వాట్సాప్ తీస్తే మీటింగు కబుర్లు రావు, పొదుపు లెక్కల యాప్ తీస్తే పైవాళ్ళు ఊరుకోరు. శెనక్కాయల యాప్ తీస్తే అడిగేవాళ్ళు లేరు. సాయంత్రం తీసేస్తుంది. తెల్లారి ఆ కుర్రాడే వాట్సాప్‌లో దాచిన ఫైలు నొక్కి మళ్ళీ ఎక్కిస్తాడు. ఆ ఫైలు ఎప్పటిదో పాతది. టెస్టరు అక్కడున్న మిగతా సంఘాల వాళ్ళ ఫోన్లు చూస్తే మూడు రకాల వెర్షన్లు తేలాయి. ప్లే స్టోరులో నూటికి ఐదుగురికి ముందు పంపి, బాగుంటే తక్కినవాళ్ళకి వదులుదాం అని మేం ఆఫీసులో లెక్కలు వేసుకుంటున్నామే, ఆ లెక్కలకీ ఈ వీధికీ సంబంధమే లేదు.

సెట్టింగ్స్ తెరిచి చూశాం. మిగతా అన్నిటికన్నా ఎక్కువ జాగా మన యాపే తినేసి కూర్చుంది. అంతా ఫోటోలే. ప్రతి తూకం చీటీకీ ఒక ఫోటో తప్పనిసరి. ఫోటో పూర్తి సైజులో ఫోనులో ఉంటుంది, సర్వరు అందుకున్నానని చెప్పేదాకా చెరగదు. ఇక్కడి సిగ్నలుకి అంత ఫోటో ఎక్కేలోపు సర్వరు విసుగొచ్చి తలుపు మూసేస్తుంది. ఫోటో వెళ్ళకపోతే దానికి కట్టేసి ఉన్న తూకం కూడా వెళ్ళదు. సాయంత్రం యాప్ తీసేస్తే రెండూ పోతాయి. ఆండ్రాయిడ్ వాళ్ళు రాసింది చెప్పినట్టే ఉంది. సర్వరాయన పెట్టిన గడువూ నగరంలో సబబే. ఎవరి ముక్క వాళ్ళది సవ్యంగానే ఉంది. జబ్బు ఆ రెండు ముక్కల మధ్య, ఈమె ఫోనులో, సాయంత్రం వేళ ఉంది. అక్కడ మన వాళ్ళెవరూ లేరు.

మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ నిపుణుడు 1968లోనే ఈ మాట రాశాడు. ఏ సంస్థ తయారుచేసే వ్యవస్థ అయినా ఆ సంస్థలో మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే తీరుకి నకలులా ఉంటుందని. మా యాప్‌లో రైతు పేరు తూకం దగ్గర ఒకసారి, చెల్లింపు దగ్గర ఇంకోసారి కొట్టాలి. ఎందుకంటే తూకం చేసింది వీళ్ళు, చెల్లింపు భాగం చేసింది వేరే ఊళ్ళో ఇంకో జట్టు. రెండు జట్లకీ పలకరింపులు లేవు. ఆ మౌనం ఖరీదు నల్లమాడలో ఒకావిడ బొటనవేలు కడుతోంది.

మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి పెట్టారు. తిన్నాక రచ్చకట్ట మీద కూర్చున్నాం. అంతకు ముందు వారమే మేనేజరు పైవాళ్ళని ఇంకో ఇద్దరు డెవలపర్లని అడిగాడు. ఆలస్యమైన పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో రాసిన పుస్తకం పేరు తెలియని మేనేజరు లేడు. అయినా మనుషుల్ని అడగని మేనేజరూ లేడు. నేను ఆ మాట ఎత్తలేదు, ఎత్తవలసిన పని పడలేదు. అంత పెద్ద ఫోటో అసలు ఎవరడిగారని ఆండ్రాయిడ్ కుర్రాడు అడిగాడు. ఆడిటర్లు అన్నాడు మేనేజరు. వాళ్ళకి ఫోను కలిపితే, చీటీలో అంకె చదవగలిగితే చాలు అన్నారు. సర్వరాయన వెంటనే, అయితే ఫోటోని ఫోనులోనే కుదించండి, తూకం అంకెల్ని ముందు పంపండి, ఫోటో సిగ్నలు దొరికినప్పుడు వెనకాల రానివ్వండి, నేను ముక్కలు ముక్కలుగా తీసుకుంటాను అన్నాడు. వారాలు నలిగిన ఫిర్యాదు అంతసేపట్లో తేలిపోయింది. వాళ్ళేమీ ఆ పూట కొత్తగా తెలివిమంతులు కాలేదు. అడగవలసిన ఆరుగురూ, చూసిన సంగతీ ఒకే అరుగు మీద ఉన్నాయి, అంతే. 2001 ఫిబ్రవరిలో యూటా మంచుకొండల్లో పదిహేడు మంది కూర్చుని సాఫ్ట్‌వేర్ పని తీరు మీద ఎజైల్ ప్రకటన రాసుకున్నప్పుడు పద్ధతుల కన్నా, పరికరాల కన్నా మనుషుల మధ్య మాటే ముఖ్యమన్నారు. మా ఆఫీసుల్లో ఆ ప్రకటనలోంచి రంగు కాగితాలు అంటించిన బోర్డు మటుకు మిగిలింది.

మా మాటలు వింటూ కాయలు తెంపుతున్న ఒకావిడ నవ్వింది. ఎండాకాలం ఉపాధి పనుల్లో కూలీల హాజరు వేసే మేటు ఆమె. “పొద్దున ఒక ఫోటో, మద్యాన్నం ఒక ఫోటో. సిగ్నలు లేకుంటే కూలోళ్ళు నన్నే అడుగుతారు, యాపును అడగరు కదా పాపా” అంది డిజైనరమ్మాయితో. ఉపాధి హామీకి ఈ సీమతో పాత బంధం ఉంది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పుడు నల్లమాడ కూడా అదే అనంతపురం జిల్లాలో ఉండేది, శ్రీసత్యసాయి జిల్లాలోకి మారింది 2022 ఏప్రిల్ 4న. కాగితం మస్టరులో దొంగ పేర్లు ఎక్కుతున్నాయని 2021లో హాజరు యాప్ తెచ్చారు, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులకి తప్ప అన్నిటికీ తప్పనిసరి చేశారు. దొంగలెక్కలు ఆగాయా అంటే, 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారని, ఫోటోని ఫోటో తీసి ఎక్కిస్తున్నారని. ఫోటో ఉందా లేదా అన్నదే కొలతయితే జనం ఫోటోనే ఇస్తారు. మా టీము కూడా ఇన్నాళ్ళూ రోజుకి ఎంతమంది యాప్ తెరిచారన్నదే కొలుచుకుంటోంది. యానిమేటరక్క రోజూ తెరుస్తుంది, సాయంత్రం తీసేస్తుంది. మా గ్రాఫులో ఆమె ఆదర్శ వినియోగదారు.

కొత్త కొలత ఏదన్నది టెస్టరు చెప్పాడు. ఆదివారం మళ్ళీ ఎక్కించిన ఎంట్రీలెన్ని? తూకం తేదీకీ సర్వరుకి చేరిన తేదీకీ తేడా చూస్తే దొరికిపోతుంది. ఆ అంకె తగ్గితే పని బాగుపడినట్టు, తగ్గకపోతే మిగతా గ్రాఫులన్నీ అలంకారం. ఇంతకాలం మీటింగుల్లో నోరు విప్పని మనిషి అతను. టీముల్లో టెస్టరుని అందరికన్నా చివర పిలుస్తారు, ఎక్కడైనా ఇదే వరస. వాడేవాళ్ళకి అందరికన్నా దగ్గరగా ఉండేది అతనే అయినా.

తరుగు గడి ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాత్రం మాట కుదరలేదు. డిజైనరమ్మాయి ఇంకో స్క్రీను అంది. ఆండ్రాయిడ్ వాళ్ళు అదే స్క్రీనులో కిలోల పక్కన అన్నారు. చివరికి నోట్‌బుక్కు తెరిచి అక్క గీసుకున్న గళ్ళు చూశారు. సంచులు, తూకం, తరుగు, నికరం. పదేళ్ళుగా చేత్తో రాసి అరిగిన వరస. డిజైనరమ్మాయి దాన్ని ఫోటో తీసుకుంది, పూర్తి సైజులో.

బయల్దేరేటప్పుడు అక్క శెనక్కాయలు ఒక సంచి కట్టించి, మళ్ళీ ఎప్పుడొస్తారని అడగలేదు. వేరే సంగతి అడిగింది. “కొనేటప్పుడు మాత్రం గుండీలు మార్చద్దండి సార్. మార్చినారంటే నా చెయ్యి తప్పిపోతాది.” కదిరి దారి పొడుగునా వ్యాన్‌లో ఇదే చర్చ. సోమవారమే అన్నీ విడుదల చేసేద్దామని మేనేజరు ఉత్సాహపడ్డాడు. కదిరి బస్టాండు దగ్గర టీ తాగుతూ అతనే దిగొచ్చాడు. ఫోటో కుదించే మార్పు ఒక్కటే ఈ వారం వెళ్తుంది. అదీ నల్లమాడ మండలం వరకే, ప్లే స్టోరుతో పాటు యాప్ ఎక్కించే ఆ కుర్రాడి వాట్సాప్‌కి కూడా. పేర్ల పక్కన ‘త’లు చెరిపే ప్రోగ్రాంని సర్వరాయన అక్కడి నుంచే ఆపించాడు. తరుగు గడి, కొత్త రంగులు, సేవ్ బటను కొత్త చోటు, అన్నీ సంక్రాంతి దాటాక, కాటాలు మూలన పెట్టిన తర్వాత.